మూడో పిలుపు

నోరు తెరవకుండా గెలిచిన మొదటి కేసు ఇదేనమ్మా నీకు, అని బార్ రూములో సీనియర్లంతా మేదినిని ఆటపట్టించారు. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీలన్నిట్లో కప్పులు పట్టుకొచ్చిన అమ్మాయి. ఆ సంగతి ఆమే చెప్పింది కాబట్టి అందరికీ తెలుసు.

జరిగింది చిన్నదే. సైకిళ్ళు బాగుచేసే తవిటయ్యను షాపు ఖాళీ చేయించమని యజమాని జగ్గారావు దావా వేశాడు. జగ్గారావు తరఫు వకీలు మేదిని. ఆ రోజు బంట్రోతు వరండాలోకి వచ్చి తవిటయ్య పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికీ పలక్కపోతే, వచ్చినవాళ్ళ మాట మీదే తీర్పు అయిపోతుంది.

మూడో పిలుపు వేళకి తవిటయ్య గేటు దగ్గర ఉన్నాడు. తెగిన చెప్పు చేతిలో పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు. కిటికీ పక్కనున్న మేదిని చూసింది. చూసి, జడ్జి గారి వైపు తిరిగి నిలబడింది. అంతే.

అబద్ధం ఆడలేదు కదా, నన్నెవరూ అడగలేదు కదా, అని ఆమె బార్ రూములో వివరించింది. పాయింటే, అన్నారు అందరూ.

తవిటయ్య ఊరుకోలేదు. బస్సు దారిలో చెడిపోయింది, కేసు మళ్ళీ తెరవండి అని అర్జీ పెట్టుకున్నాడు. సోమవారం మేదిని దానికి జవాబు దాఖలు చెయ్యాలి. ఆ జవాబు నెగ్గితే నెల తిరిగేసరికి తవిటయ్య షాపు వదలాలి. షాపు వెనక గదిలోనే అతని కాపురం, ఇద్దరు పిల్లలు. ఆ సంగతి అర్జీలో ఉంది. మేదిని చదివింది. జవాబులో మాత్రం ఒక వాక్యం ఆమెకు బాగా నచ్చింది: "కోర్టుకు రావాలన్న మనసున్నవాడు మొదటి బస్సుకే వస్తాడు."

శనివారం సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

కోరుకొండ నీలాచలం గారికి ఎనభై ఆరేళ్ళు. నాగావళి ఒడ్డునున్న ఆ ఊళ్ళో అరవై ఏళ్ళుగా ప్లీడరు. మగ్గం గుంట పక్కన పుట్టి, ఆ కులంలో మొదటి నల్లకోటు వేసుకున్నవాడు. నేతవాళ్ళ సొసైటీ ఆయన పెట్టించిందే. నేత పిల్లల హాస్టలు ఆయన కట్టించిందే. అన్నదమ్ములు మగ్గాలు పంచుకోవాలన్నా, అలిగి పుట్టింటికి పోయిన కోడలు తిరిగి రావాలన్నా ఆయన అరుగెక్కాల్సిందే.

ఆయన వస్తే టీ కొట్టులో బల్ల ఖాళీ అవుతుంది. పెళ్ళిళ్ళలో ఆయన కోసం కుర్చీ తెచ్చేవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుంటారు. కోర్టులో జడ్జిలు కూడా కూర్చునే చెప్పండి అంటారు. నీలాచలం గారిని నిలబెట్టినవాడు ఇంకా పుట్టలేదని ఊళ్ళో ఒక మాటే ఉంది.

ఆయన అరవై ఏళ్ళ వృత్తికి నేతవాళ్ళ సంఘం సన్మానం తలపెట్టింది. జీవితచరిత్ర రాసే పని మేదినికి అప్పజెప్పింది. కాబట్టి ఆ సాయంత్రం ఆమెకు రెండు పనులు. ఒకటి, తన జవాబు దిద్దించుకోవడం. రెండోది, హాస్టలు స్థలం ఆయన కోర్టులో ఎలా గెలిచారో అడగడం. నాలుగు వందల మంది చదువుకుని బయటికొచ్చిన చోటు. పుస్తకానికి అదే గుండెకాయ అవుతుందని ఆమె లెక్క.

ఆయన జవాబు మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఒక్క అక్షరం దిద్దలేదు. మడిచి తిరిగి ఇచ్చారు.

"బాగా రాశావు," అన్నారు. "నేనూ ఇలాగే రాశాను."

"ఎప్పుడు సార్?"

"రేపు ఏడింటి బస్సుకి రా. అది సంచిలోనే ఉంచు."

బస్సులో కండక్టరు ఒకతన్ని లేపి ఆయనకి సీటు ఇప్పించాడు. మేదిని నోటుపుస్తకం తెరిచి అధ్యాయాల పేర్లు చదివి వినిపించింది. ఆయన కిటికీలోంచి నదిని చూస్తూ ఉన్నారు. వంతెన దాటాక మూడో ఊళ్ళో దిగారు. ఆయన్ని పొగిడే పాత క్లయింటు ఎవరో ఇక్కడ ఉండి ఉంటారని మేదిని పెన్ను సిద్ధం చేసుకుంది.

ఊరి చివర పెంకుటిల్లు. వాకిట్లో చాప మీద ఒక ముసలమ్మ అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. నీలాచలం గారు చెప్పులు దూరంగా విడిచారు. చేతికర్ర ఆనించుకుని ఆమె ఎదురుగా ఎండలో నిలబడ్డారు. నమస్కారం పెట్టారు. ఆమె తలెత్తలేదు.

వసారాలో మూడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఎవరూ వెయ్యలేదు.

పది నిమిషాలయ్యాయి. మేదిని తనే కుర్చీ తేబోయింది. ఆయన చేతికర్ర అడ్డంపెట్టారు.

కోడలు కాబోలు, ఒకామె మంచినీళ్ళు తెచ్చి మేదినికి ఇచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పింది. ఏటా ఇదే రోజున ఆయన వస్తారట. అత్త ముందున్న ఆకుల కట్ట అయిపోయేదాకా నిలబడి వెళ్ళిపోతారట. ఒక ఏడు అత్త పంతానికి మూడు కట్టలు ముందేసుకుని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. ఆ పైఏడు నుంచి అత్తే సగం కట్ట పెట్టుకుంటోందని నవ్వింది.

ఈనెపుల్ల గుచ్చుతూ ముసలమ్మ అడిగింది.

"ఈ గుంట ఎవులు బాబూ?"

"నా జూనియరు, అప్పయ్యమ్మా. ప్లీడరే."

"సెప్పేవేటి?"

"లేదు."

"అయితే నాను సెప్పాలన్నమాట."

కుట్టడం ఆపకుండానే చెప్పింది. ఇప్పుడు హాస్టలున్న జాగా ఆమె మామగారిది. మొగుడు చనిపోయిన ఏడాది నేత సంఘంవాళ్ళు అది మాదని దావా వేశారు. వాయిదా రోజున నాగావళి పొంగి ఉంది. అప్పటికి వంతెన లేదు. పడవ ఆలస్యంగా కదిలింది. చంకలో బిడ్డతో ఒడ్డు నుంచి కోర్టుదాకా పరిగెత్తింది. గేటు దాటుతుంటే వరండాలో తన పేరు వినిపించింది. అది ఎన్నో పిలుపో ఆమెకు తెలియదు. ఎన్ని పిలుస్తారో కూడా తెలియదు. కిటికీ దగ్గర నల్లకోటు కుర్రాడొకడు తన వైపే చూస్తున్నాడు.

"ఈ బాబు నన్ను సూసినాడు. నానూ సూసినాను. సూసినాడు గదా, ఒస్తందని సెప్తాడులే అనుకున్నాను." ఆకు మీద ఆకు పెట్టింది. "అనుకొని, పరిగెట్టడం మానీసి నడిసినాను."

మేదిని గ్లాసు కింద పెట్టింది.

మళ్ళీ తెరవమని ఆమె పెట్టుకున్న అర్జీనీ కొట్టేశారు. కోర్టు పనుంటే ముందురోజే నది దాటి ఉండాల్సింది అని అవతలి ప్లీడరు రాశాడట. చాలా బాగా రాశాడని జడ్జి గారు కూడా మెచ్చుకున్నారట. ఆ మెచ్చుకోలు తనకి ఎవరో తెలుగులో విప్పి చెప్పారని అంది అప్పయ్యమ్మ.

మేదిని చెయ్యి సంచి మీదికి పోయి అక్కడే ఆగింది.

ఆ మరుసటి ఏడు అదే రోజున ఆయన ఈ వాకిట్లోకి వచ్చి క్షమించమన్నారు. వేరేచోట జాగా కొనిస్తానన్నారు. ఆమె వద్దంది.

"నోరు మూసుకొని సేసిన పనికి ఇప్పుడు నోరు తెరిసి ఏటి సెప్తావు బాబూ, అన్నాను. అప్పట్నించి ఏటీ సెప్పడు. ఒచ్చి నిలబడతాడు." ఆమె గొంతులో కోపం లేదు. చాలాసార్లు ఉతికిన బట్టలా ఉంది ఆ మాట. "హాస్టలు కట్టీసేరు. గుంటలు సేరిపోనారు. ఆలని లేపీమని నానెలాగ అంతాను."

నీలాచలం గారు వింటున్నారు. ఏ మాటనూ సరిదిద్దలేదు.

చివరి విస్తరి అయింది. ఆమె నడుం పట్టుకుని లేచింది. ఎప్పుడూ అటునుంచటే లోపలికి పోతుందని కోడలు చెప్పి ఉంది. ఈసారి వసారాలోకి వెళ్ళి కుర్చీ తీసింది. నీలాచలం గారి వేళ్ళు చేతికర్ర మీద బిగుసుకున్నాయి. యాభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఆయన కోసం ఎవరూ కుర్చీ ముట్టుకోలేదు.

ఆమె ఆయన్ని దాటుకుని వచ్చి మేదిని ముందు వేసింది. కొంగుతో తుడిచింది.

"కూకో తల్లీ," అంది. "నువ్వింకా ఏటీ సెయ్యలేదు గదా."

మేదిని కుర్చీ వైపు చూసింది. సంచి పట్టీ భుజం మీద సర్దుకుంది. కూర్చోలేదు.

అప్పయ్యమ్మ ఆమె మొహం కాసేపు చూసింది. తర్వాత గురువుగారి మొహం చూసింది. విస్తళ్ళ కట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో కండక్టరు ఎవరినో లేపి ఆయనకి సీటు చూపించాడు. ఆయన కూర్చున్నారు. పక్క సీటు ఖాళీగా ఉన్నా మేదిని కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. నోటుపుస్తకం బయటికి తియ్యలేదు. వంతెన మీద నది గాలి కొట్టింది. ఊరు దగ్గర పడింది.

"సార్, జగ్గారావు గారింటికి ఏ స్టాపులో దిగాలి?"

ఆయన తల తిప్పి చూశారు.

"ఆదివారం పూట క్లయింటుతో ఏం పని?"

"తవిటయ్యను రానిద్దాం, ఎదురుగా ఉండగానే గెలుద్దాం అని చెప్తాను. ఒప్పుకోకపోతే ఆ జవాబు వేరేవాళ్ళ చేత రాయించుకోమంటాను." బస్సు మెట్ల వైపు చూసింది. "స్టాపు దాటిపోయామా సార్?"

ఆయన కిటికీలోంచి బయటికి వంగి చూశారు.

"లేదు," అన్నారు. "వచ్చేదే."