మసేనమ్మను వెనక నుంచి పిలిచిన పిల్ల

అనగనగా అనే మాట ఇంకా ఎవరి నోటా పుట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో మసేనమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఎండు చేపల తట్ట నెత్తినెత్తుకుని మెట్ట ఊళ్ళకి పోయేది. పొద్దు వాలేసరికి తిరిగొచ్చేది. మొగుడు లేడు. పిల్లల్లేరు. గుడిసెలో దీపం తనే పెట్టుకునేది, తనే ఆర్పుకునేది.

ఆ పల్లెకి ఒక కట్టడి ఉంది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే, పోయినవాళ్ళు తిరిగి రారు. అందుకని మగవాళ్ళు చేపల వేటకి పోయే వేళకి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడేవాళ్ళు. మసేనమ్మకి ఆ బెంగ లేదు. ఆమెను వెనక నుంచి పిలిచేవాళ్ళు లేరు, ముందు నుంచి పిలిచేవాళ్ళూ లేరు.

ఒక ఏడు గాలివానకి నూకాలు అనే ఆమె కొడుకు ఎల్లాజీ వేటకి పోయి మరి రాలేదు. తెప్పా రాలేదు. వాడి చెల్లెలు పోలి, అప్పుడే పాలపళ్ళు ఊడుతున్న పిల్ల, ఆ రోజు నుంచి మాట మానేసింది.

తల్లి దిష్టి తీసింది. మాట రాలేదు. తండ్రి తాయెత్తు కట్టించాడు. మాట రాలేదు. ఊరంతా కలిసి గాలి సోకిందని తేల్చి వేపమండలతో కొట్టించింది. ఒంటిమీద చారలొచ్చాయి గానీ మాట రాలేదు. ఏమైందే అని అడగనివాళ్ళు లేరు. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగినవాళ్ళూ లేరు. అంత పెద్ద ఊరికి అంత చిన్న పిల్ల పక్కన కూర్చునే తీరిక దొరకలేదు.

పోలి ఇంట్లో ఉండలేక ఒడ్డుకి వచ్చేది. అక్కడ మసేనమ్మ ఇసకలో చేపలు ఎండబెట్టుకునేది. పిల్ల వచ్చి కూర్చుంది. మసేనమ్మ ఏమీ అడగలేదు. చేపలు తిరగేసింది. మర్నాడూ వచ్చి కూర్చుంది. మసేనమ్మ ఏమీ అడగలేదు. చేపలు తిరగేసింది. మూగదానికి ముసల్ది తోడు, ఇక కాకులకి పండగే అని దారినపోయేవాళ్ళు నవ్వుకున్నారు.

తెలివి కొద్దీ అడగకపోవడం కాదు. మసేనమ్మకి మాట్లాడే అలవాటే తప్పిపోయింది. పక్కన ఇంకొకరి ఊపిరి వినబడుతుంటే అదే చాలనిపించింది.

అలా అలా ఎండలు పోయాయి. ఒకనాడు మబ్బు కమ్మింది. మసేనమ్మ గబగబా చేపలు ఏరుతుంటే పోలి కూడా ఏరింది. ఏరుతూ ఏరుతూ, తలెత్తకుండా అంది.

"మామ్మా, నానే పిలిసినాను."

మసేనమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"అన్న ఎల్తుంటే ఎనక నుంచి పిలిసినాను. గవ్వలు తెమ్మని. అందుకే ఆడు రానేదు. అమ్మకి సెప్పకు."

మసేనమ్మ కూడా ఆ కట్టడిని నమ్మిన మనిషే. కాదని చెప్పడానికి నోరు రాలేదు. అవునని చెప్పడానికి అంతకన్నా రాలేదు. వాన మొదలైంది. ఇద్దరూ తాటాకు తడిక కింద దూరారు. ముసలమ్మ అడిగింది.

"పిలిస్తే తిరిగి సూసినాడా?"

"సూసినాడు. నవ్వినాడు."

"నా మొగుడు ఎల్తుంటే నాను నోరు కట్టుకున్నానే గుంటా. పిలవనేదు. ఆడూ రానేదు. నీకు నవ్వు మిగిలింది. నాకు ఆడి ఈపు మిగిలింది."

పిల్ల నమ్మలేదు. భయం మాటకి పోయేదైతే లోకంలో ఇంత భయం ఎందుకుంటుంది? అందుకని మసేనమ్మ ఒక మాట అంది. రేపు తట్టెత్తుకుని తను వెళ్తుంటే వెనక నుంచి పిలవమంది. వస్తుందో రాదో చూద్దామంది. రాకపోతేనో అని పిల్ల అడిగింది. రాకపోతే ఏడవడానికి నాకెవరున్నారే అని నవ్వేసింది. నవ్వింది గానీ, పొద్దున్న తట్ట ఎత్తుకునే ముందు గుడిసె వైపు ఒకసారి చూసుకుంది.

నాలుగడుగులు వేసింది. వెనక నుంచి "మామ్మా" అని వినబడింది.

ఆమెను ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో. మసేనమ్మ తిరిగి చూసింది. పిల్లకి మొహం చూపించింది. వెళ్ళింది. సాయంత్రానికి వచ్చింది. పోలి అన్నం ముట్టకుండా పొద్దున్న నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

రెండో రోజు పిల్ల పిలిచింది. మసేనమ్మ తిరిగి చూసింది, వెళ్ళింది, వచ్చింది. పోలి గంజి తాగి ఎదురొచ్చింది.

మూడో రోజు పిలిచింది. తిరిగి చూసింది, వెళ్ళింది, వచ్చింది. పోలి తోటిపిల్లలతో గవ్వలాటలో పడి ఆమె వచ్చిందని గమనించనే లేదు. మసేనమ్మ మనసు తేలికపడింది. ఆ వెంటనే గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

ఆట అయ్యాక మసేనమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. పోలి తల్లి నూకాలు ముందు నిలబడి, అన్నని వెనక నుంచి పిలిచింది తనేనని చెప్పింది. నూకాలు కొట్టలేదు, తిట్టలేదు. నేల మీద కూలబడింది. ఆ పొద్దున్న వాడికి ఒళ్ళు వెచ్చగా ఉందనీ, అయినా లేపి వేటకి పంపింది తనేననీ అంది. గోడ వైపు తిరిగి కూర్చున్న తండ్రి అప్పుడు నోరు తెరిచాడు. తెప్ప కట్టిన తాడు చివికిందని తనకి తెలుసన్నాడు. మారుద్దాంలే, మారుద్దాంలే అనుకుంటూ ఉండిపోయానన్నాడు.

ఒకటే ఇల్లు. మూడు గుండెల్లో మూడు రాళ్ళు. ఒకరి రాయి ఒకరికి తెలియకుండా మోశారు. ఆ రోజు ముగ్గురూ ఒక్కచోట కూర్చుని ఏడ్చారు. ఎల్లాజీ పేరు ఆ ఇంట్లో మళ్ళీ పైకి వినబడింది. మసేనమ్మ తడిక దగ్గరికి లాగి, తన గుడిసెకి తను పోయింది.

పోలి రోజూ వెనక నుంచి పిలుస్తూనే ఉంది. చాలా కాలానికి, పండుటాకు రాలినట్టు మసేనమ్మ పోయింది. అదిగో పిలుపు తగిలింది అన్నవాళ్ళూ లేకపోలేదు. అన్నేళ్ళూ తగలని పిలుపు పళ్ళన్నీ ఊడాక తగిలిందా అని పోలి అడిగింది. అప్పటికి ఆమెకూ పిల్లలున్నారు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఏ పిల్లైనా మాట మానేస్తే, వేపమండలు విరిచేవాళ్ళని ఆపి, "పోయి మసేనమ్మలా కూర్చో" అంటారు. అంటే, అడగొద్దు, లేచిపోవద్దు అని. బయల్దేరినవాళ్ళని ఇంట్లోవాళ్ళు వెనక నుంచి పిలుస్తారు, వాళ్ళు తిరిగి మొహం చూపించి మరీ వెళ్తారు. పిలిచే దిక్కు లేని మనిషి ఎవరైనా గడప దాటితే, పక్కింటివాళ్ళు తమ పిల్లని బయటికి తోస్తారు. పోవే, పోయి పిలువు, అంటారు.