తిరగేసిన గౌను

మాచర్ల దాటి వెళ్తే కృష్ణ ఒడ్డున చిన్న ఆశ్రమం ఒకటి ఉండేది. అక్కడ వేదాంతం చెప్పే వృద్ధురాలిని అందరూ గురువమ్మ అని పిలిచేవారు. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే తిరిగి ఏదో ఒక చిన్న ప్రశ్న వేయడం ఆమె అలవాటు. ఆత్మ అంటే ఏమిటని అడగడానికి వచ్చిన ఒకాయనను, మీ ఇంట్లో పొద్దున్నే పాలు ఎవరు కాస్తారని అడిగిందట. ఆయన మళ్లీ రాలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "జవాబు ఇంట్లోనే దొరికి ఉంటుంది లెండి" అని ఆమె నవ్వేది.

వైశాఖం చివర ఒక సాయంత్రం హైమావతి ఆమె దగ్గరికి వచ్చింది. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆశ్రమానికి దగ్గర ఊళ్లోనే తల్లి పున్నమ్మతో ఉంటూ, చాలాకాలంగా గురువమ్మ దగ్గర పాఠం వింటోంది. ఆ రోజు పాఠం అయిపోయి అందరూ వెళ్లాక ఇలా అడిగింది:

"గురువమ్మా, మా అమ్మకు నేనెవరినో తెలియడం లేదు. నన్ను ఎరగని మనిషికి నేను ఇంకా కూతుర్నేనా? ఆమె వైపు నుంచి ముడి ఊడిపోయింది. నా వైపు కూడా వదిలేసి ఇక్కడికి వచ్చేస్తే తప్పా?"

ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఇలాంటి ప్రశ్నలో ఒక్క మాట జారిపోయినా బరువు మారిపోతుంది.

గురువమ్మ చేతిలో విసనకర్ర ఆగలేదు. "రాత్రిపూట ఆవిడకి ఏం తొడుగుతున్నావు?" అంది.

హైమావతి ముఖం చిన్నబోయింది. చెప్పుకోలేక దాచుకున్న బాధ సరిగ్గా అదే. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డంపడి తల్లి ఒకసారి పడిపోయింది. అప్పటి నుంచి రాత్రిపూట గౌన్లే. మొదట బజారులో నిగనిగలాడే నైటీ ఒకటి కొంది. అది చెమటకు ఒంటికి అంటుకుపోయింది. తర్వాత నూలుదని చెప్పి అమ్మిన ముతక గౌను తెచ్చింది. ఎన్ని ఉతుకులు పడ్డా దాని బిరుసు చావలేదు, తల్లి మెడచుట్టూ ఒరుసుకుపోయి ఎర్రటి చార పడింది. పల్నాటి ఎండ సంగతి తెలిసిందే. నాపరాళ్ల ఇల్లు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. చివరికి హైమావతి తన భర్త పాత పంచె తీసింది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పంచె అది. గంజి పెట్టకుండా జాడించి, చేతులు లేకుండా, మెడ వెడల్పుగా, గుండీలు లేకుండా గౌను కుట్టింది. ముతక గౌనును పెట్టె అడుగున దాచేసింది.

"ముతకది తొడిగిన రాత్రుళ్లు తెల్లారేదాకా ఉంచుకునేది. ఈ మెత్తటిది మాత్రం తొడగడం ఆలస్యం, విప్పేస్తుంది. విప్పి, తిరగేసి, మడతపెట్టి దిండు కింద పెట్టుకుంటుంది. ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చుంటుంది. మళ్లీ తొడగబోతే చెయ్యి కొరుకుతుంది. నా చేత్తో కుట్టిన గౌనునే విసిరికొడుతుంటే, నేనంటే పగేమో అనిపిస్తోంది గురువమ్మా."

నరసరావుపేటలో ఒక వృద్ధుల ఇంటివాళ్లతో మాట్లాడానని, ఎల్లుండి వచ్చి తీసుకెళ్తామన్నారని కూడా చెప్పింది. బట్టలు విప్పేసుకునేవాళ్లను అక్కడ విడిగా ఒక గదిలో ఉంచి బయట గడియ పెడతారట. ఆ మాట చెబుతున్నప్పుడు తల ఎత్తలేదు.

"రేపు సాయంత్రం ఆవిడను తీసుకురా," అంది గురువమ్మ. "గౌన్లన్నీ తీసుకురా. దాచింది కూడా."

మర్నాడు పొద్దు వాలుతుండగా తల్లీ కూతుళ్లు రిక్షాలో వచ్చారు. వసారాలో నీళ్లు చల్లి చాపలు పరిచి ఉన్నాయి. పున్నమ్మ చల్లటి నేలమీద అరికాళ్లు ఆనించి, "హమ్మయ్య" అంది. గురువమ్మ గౌన్లన్నీ ఆమె ముందు పెట్టింది.

పున్నమ్మ నిగనిగలాడే నైటీని రెండు వేళ్లతో ఎత్తి, "ఇదెవరిదమ్మా, డ్రామా వాళ్లదా?" అని పక్కన పడేసింది. ముతక గౌను తీసి, గుడ్డ ఎంత మెత్తగా ఉందో చూడటానికి కన్ను మూసి రెప్పమీద ఆనించింది. "ఇది నాది" అని ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత పంచె గౌను తీసింది. దాన్నీ కనురెప్పమీద ఆనించింది. చాలాసేపు తీయలేదు. తీశాక, కుట్లు పైకి వచ్చేలా తిరగేసి, మోకాలిమీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసింది.

"చూశారా, మళ్లీ అదే," అంది హైమావతి.

"ఎందుకు తిరగేస్తుందో ఎప్పుడైనా అడిగావా?"

"అడిగితే మాత్రం ఏం చెప్పగలదు?"

గురువమ్మ పున్నమ్మ వైపు తిరిగింది. "పున్నమ్మగారూ, దాన్ని ఎందుకు తిరగేశారు?"

పున్నమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు పిల్లల్ని పెంచినట్టు లేదే! కుట్టు లోపలుంటే పసిదాని ఒళ్లు ఒరుసుకుపోదూ? వీపంతా చెమటకాయలాయె."

"పసిదానికి ఇంత పెద్ద గౌనా?"

"వదులుగా ఉండొద్దూ, ఎండాకాలం? గాలాడొద్దూ? నీతో భలే కష్టమొచ్చిందే!"

"ఇంత మెత్తటి గుడ్డ... మీరు తొడుక్కోవచ్చుగా?"

"నాకెందుకమ్మా. నాది ముసలి తోలు, ఏదైనా ఆగుద్ది. మెత్తటిది నేను కట్టుకుంటే పిల్ల దేంట్లో పడుకుంటది?" అంది పున్నమ్మ. అని కాసేపు వాకిలి వైపు చూసింది. తర్వాత హైమావతిని చూసి అడిగింది: "అమ్మాయ్, నువ్వు వచ్చిన దారిలో మా హైమ ఎక్కడైనా కనబడిందా? పొద్దుగూకుతోంది. ఇంకా రాలేదు. గౌను తొడగాలి."

హైమావతి నోరు తెరిచింది. నేనేనమ్మా హైమను అని అంతకుముందు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా తల్లి ఆమె తెల్లజుట్టు చూసి, "నువ్వా? మా హైమ నీలాగ ముసలిదా?" అని కోప్పడి, ఆ పైన భయపడి ఏడ్చేది. అందుకే ఈసారి ఆ మాట గొంతులోనే ఆపుకుంది.

"కనబడిందమ్మా. మా ఇంట్లోనే ఉంది," అంది. "ఇలా ఇవ్వండి, నేను తొడుగుతాను."

పున్నమ్మ వెంటనే ఇవ్వలేదు. పరాయి మనిషి చేతికి ఇవ్వచ్చో లేదో తేల్చుకోవడానికి హైమావతి చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. అప్పుడు గౌనును నాలుగు మడతలు వేసి ఆ చేతుల్లో పెట్టింది.

"తిరగేసే తొడుగు. మెడ దగ్గర మెల్లగా. అది నిద్రలో ఉంటే లేపమాకు."

"అలాగేనమ్మా."

ఆ తర్వాత పున్నమ్మ తనంతట తానే చేతులు పైకెత్తింది. హైమావతి ముతక గౌను తొడిగింది. మెడ దగ్గర పాత ఎర్రచార మీదికి మళ్లీ ఆ బిరుసు అంచే వచ్చి ఆనింది. హైమావతి దాన్ని వేలితో పక్కకు జరిపింది. అది మళ్లీ అక్కడికే వచ్చింది. పున్నమ్మకు అదేమీ పట్టలేదు. చాపమీద పక్కకు ఒత్తిగిల్లి, చెయ్యి తలకింద పెట్టుకుని, పని ముగించుకున్న మనిషిలా కళ్లు మూసుకుంది. గౌను విప్పలేదు.

ఆశ్రమంలో దీపాలు పెడుతున్నారు. హైమావతి మడతపెట్టిన పంచె గౌను చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. తల్లి వినకుండా గొంతు తగ్గించి అడిగింది.

"రేపు వాళ్లొస్తారు గురువమ్మా. ఏం చెప్పమంటారు?"

గురువమ్మ విసనకర్ర పున్నమ్మ మీదికి తిప్పింది.

"వాళ్ల సంగతి రేపు చూద్దువుగాని. పొద్దుగూకింది, ముందు ఆ గౌను తొడుక్కో. తిరగేసే."