మద్దెల నిజంగానే ఓడు

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం అడక్కండి పిల్లలూ. రాజులు కిరీటాలు పెట్టుకునే కాలంలోనే టేపురికార్డర్లు కూడా ఉన్న రాజ్యం ఒకటుండేది. అదెలా కుదిరిందంటే నేనేం చెప్పను? కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు.

ఆ రాజ్యాన్ని దుందుభిసేనుడనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో వకుళ నాట్యం చేసేది. వకుళ తల్లి పెద్ద గాయని. ఆమె పోయాక పాట మాత్రం క్యాసెట్టులో మిగిలింది. ఏటా ఏరువాక పున్నమికి ఆ క్యాసెట్టు పెట్టేవారు. తల్లి పాటకు కూతురు ఆడుతుంటే చూడటానికి రెండు కళ్లూ చాలేవి కావు.

ఆ కొలువులో ఒక పాడు ఆచారం ఉంది. పండుగకు ముందు మూడు పరీక్షలు పెడతారు. మూడింటిలోనూ తాళం తప్పితే గజ్జెలు విప్పి బంగారు పళ్లెంలో పెట్టాలి. ఇక జన్మలో కాలికి గజ్జె కట్టకూడదు.

ఆ ఏడు మొదటి పరీక్షలో పాట నీరసంగా, సాగుతూ వచ్చింది. తల్లి గొంతు మగగొంతులా బొంగురుపోయింది. వకుళ అడుగులు పాటకన్నా ముందే పడ్డాయి. ఈ పిల్లకు తొందరెక్కువైందని సభలో గుసగుసలాడారు.

టేపురికార్డరు యంత్రాన్ని చూసుకునే గంభీరయ్య పని తెలిసినవాడే. కానీ ఒట్టి బద్ధకస్తుడు. పెట్టె విప్పితే చేతులకు మసి అంటుతుందని, వెనకవైపు వేగం సరిచేసే చిన్న మర ఉంటే దాన్ని తిప్పి చేతులు దులుపుకున్నాడు.

దాంతో రెండో పరీక్షలో పాట పరుగందుకుంది. తల్లి గొంతు కీచుమంది. మధ్యలో ఒకసారి కుంటింది, మళ్లీ పరుగెత్తింది. వకుళ వెనకబడింది. వయసైపోయిందన్నారు. ఆమెకు ఒళ్లు మండింది. తప్పు తన కాళ్లది కాదు, యంత్రానిదని ముఖానే చెప్పింది.

సభంతా ఘొల్లున నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే అని రాజే ఎకసెక్కమాడాడు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన రాజయంత్రం తప్పుతుందా అని మంత్రులు వంత పాడారు.

వకుళ ఇంటికెళ్లి ఏడ్చిందనుకున్నారా? ఏం ఏడవలేదు. అమ్మ పాటను అలా ఖూనీ చేసి, నింద తన కాళ్లమీద పెడుతుంటే ఆమెకు కోపం తప్ప ఇంకేమీ రాలేదు.

మూడో పరీక్షకు బంగారు పళ్లెం ముందుగానే వచ్చి కూర్చుంది. గంభీరయ్య మీట నొక్కాడు. క్యాసెట్టులో మొదట ఒక గంట మోగింది, తర్వాత పాట మొదలైంది. వకుళ కదల్లేదు. ఒక్క గజ్జె కూడా మోగనివ్వలేదు. పాట సగం అయినా అలాగే నిలబడింది.

రాజు గజ్జెలు విప్పమన్నాడు.

"విప్పను," అంది వకుళ.

ఆజ్ఞ మీరితే పొలిమేర దాటిస్తానని రాజు గర్జించాడు.

"దాటించండి ప్రభూ. కానీ ముందు కొలత తియ్యండి. మా అమ్మ ఈ సభలోనే, ఆ కంచుగంట కొట్టి, దానికి శ్రుతి కలుపుకుని పాడేది. క్యాసెట్టులో మొదట మోగేది ఆ గంటే. అది ఇంకా మీ నెత్తిమీదే వేలాడుతోంది. నాకు వయసు రావచ్చు గానీ కంచుకు రాదు కదా. రెండు మోతలూ ఒక్కలా ఉంటే నా గజ్జెలు నేనే విప్పి పోతాను."

అందరి ముందూ అడిగేసరికి రాజు కాదనలేకపోయాడు. పైనున్న గంట కొట్టించాడు. అది నిండుగా, గంభీరంగా మోగింది. క్యాసెట్టును మొదటికి తిప్పి పెడితే, అందులోని గంట మేక మెడలో గంటలా పలికింది. రాజు నమ్మలేక మళ్లీ కొట్టించాడు. మళ్లీ అంతే. చెవులున్న ప్రతివాడికీ సంగతి తెలిసిపోయింది.

గంభీరయ్య ముందుకొచ్చి, లోపల ఏముందో చూడకుండా మర తిప్పిన పాపం తనదేనని ఒప్పుకున్నాడు.

వకుళ అక్కడికక్కడే పెట్టె విప్పించింది. మోటారు నుంచి చక్రానికి తిరిగే రబ్బరు బెల్టు సాగిపోయి, పాత మొలతాడులా వదులుగా వేలాడుతోంది. అది జారినప్పుడు పాట కుంటింది, పట్టు దొరికినప్పుడు పరుగెత్తింది. టేపును లాగే రబ్బరు చక్రం మీద ఏళ్లనాటి మురికి పేరుకుంది. గంభీరయ్య స్పిరిట్ అద్దిన దూదితో ఆ మురికంతా తుడిచాడు. కొత్త బెల్టు తొడిగాడు. చివరికి మర దగ్గర కూర్చున్నాడు. వకుళ గంట కొడుతూ, ఇంకాస్త తగ్గించు బాబాయ్, ఇంకాస్త, అంటూ రెండు మోతలూ కలిసి ఒక్కటయ్యేదాకా అతన్ని లేవనివ్వలేదు.

అప్పుడు వచ్చింది పాట. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. అచ్చం అమ్మే. వకుళ కళ్లు నిండాయి. అయినా తుడుచుకోకుండానే ఆడింది, ఒక్క అడుగూ తప్పకుండా ఆడింది.

రాజు మురిసిపోయి, ఆ పళ్లెం నిండా వరహాలు పోయించబోయాడు. వకుళ పళ్లెం తీసుకుంది గానీ వరహాలు వద్దంది. సాగిపోయిన బెల్టును తీసి అందులో వేసి రాజు ముందు పెట్టింది.

"తాళం తప్పింది ఇది, ప్రభూ. పళ్లెం దీనికోసమే తెప్పించినట్టున్నారు."

ఈసారి సభలో ఎవరూ నవ్వలేదు. రాజు తల దించుకున్నాడు. పళ్లెం ఆచారం ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత అక్కడ ఎవరి అడుగు తప్పిందన్నా, ముందు గంట కొట్టి చూసేవారు.

అందుకే పిల్లలూ, నలుగురూ కలిసి నింద వేస్తే తల వంచకండి, కొలత అడగండి. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు.