వాలు మీద జీపు

మా గురువమ్మ ఓబులమ్మ ఏ ఊరు చేరినా ముందు వాలు వెతికేది. తత్వాలు పాడుతూ ఊరూరా తిరిగే ఆమెకు ఉన్నదల్లా ఒక పాత జీపు, దానికో ముసలి బ్యాటరీ. మైకు దాని మీదే నడవాలి. పాట ముగియగానే తీగ పీకకపోతే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. అందుకని జీపును మిట్ట మీద నిలిపి, చక్రానికి రాయి అడ్డం పెట్టించేది. మేమూ అక్కడే పడుకునేవాళ్లం. పొద్దున లేచి చూస్తే తల ఒకచోట, దిండు ఒకచోట!

ఒకసారి కంకర క్వారీ ఉన్న ఊరికి వెళ్లాం. క్వారీ యజమాని చక్రపాణి ఎదురొచ్చి తన గెస్టుహౌసు చూపించాడు. చదునైన సిమెంటు నేల, కుళాయి, బ్యాటరీకి చార్జరు కూడా. ఓబులమ్మ ఒక దండం పెట్టి, జీపును క్వారీ బాట మిట్టకే ఎక్కించింది. మాలో కొత్తవాడైన కంబగిరికి ఒళ్లు మండింది.

"అమ్మా, ఊరికే ఇస్తానంటే కాలదన్నుకుంటామా? తీసుకుంటే ఏం పోయింది?"

"రాయి గట్టిగా పెట్టు నాయనా" అని ఊరుకుందామె.

ఆ సాయంత్రం క్వారీ కూలీలంతా వచ్చి కూర్చున్నారు. ఆమె "కొండను తిన్నది ఎవరమ్మా, దుమ్మును తిన్నది ఎవరమ్మా" అని ఎత్తుకుంది. ముందు వరసలో ఒకావిడ దగ్గుతూనే ఏడ్చింది. ఆ ధ్యాసలో పడి కంబగిరి తీగ పీకడం మరిచాడు.

పొద్దున్నే చక్రపాణి తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. పనికి పోతున్న కూలీలు ఆగారు.

"ఇంకో నాల్రోజులుండు, పాడుకో, కాదనను. ఆ పాట మాత్రం నా ఊళ్లో వినబడకూడదు."

"అది వద్దన్నచోట మాకేం పని?" అని ఓబులమ్మ జీపెక్కి తాళం తిప్పింది. జీపు కిక్కురుమనలేదు. చక్రపాణి పగలబడి నవ్వాడు.

"తొయ్యడానికి ఒక్కడు రాడు, అందరూ నా కూలీలే. రా, నా చార్జరు పెట్టుకో. ఆ పాట వదిలెయ్, అంతే."

కూలీలు తలలు దించుకున్నారు. కంబగిరి చూపు బ్యాటరీకి ఇంకా తగిలించే ఉన్న తీగ మీద పడింది.

"కంబగిరీ, రాయి తియ్యి."

జీపు కదిలింది. వాలు దిగుతూ ఆమె గేరు వేసి క్లచ్చి వదిలేసరికి ఇంజను గుర్రుమంది. ఇక పోతాం కదా అనుకున్నాం. పోతుందా ఆవిడ! కింద మలుపులో తిప్పి, సరాసరి చక్రపాణి ముందుకే తెచ్చి నిలబెట్టింది. ఇంజను ఆపకుండానే ఆ పాట మొదటినుంచీ పాడింది. అబ్బ, ఏం గొంతు! రెండో చరణానికి నిన్న ఏడ్చినావిడ వంత అందుకుంది, తర్వాత ఆమె పక్కవాళ్లు. చక్రపాణి ఏదో అరుస్తున్నాడు గానీ ఎవరు విన్నారు? పాట పూర్తయ్యాకే మేం కదిలాం.

ఊరు దాటాక కంబగిరి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. తీగ మరిచాను."

"ముసలి బ్యాటరీ, ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది, దానికేం" అంది ఓబులమ్మ. "ఈ పూట చోటు నువ్వు చూడు."