తిరుపాలు ఇంట్లో కుక్కర్ లేదు

ప్రశ్న అడిగినవాణ్ణి ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోవడమే గాని, నోటితో జవాబు చెప్పే అలవాటు మస్తాన్‌వలీ సారుకు లేదు. ఆయన జిల్లా పోలీసుల ఫైరింగ్ రేంజిలో మాస్టరు. ఆయన సరేనంటేనే ఏ కానిస్టేబులైనా గన్‌మన్ డ్యూటీకి పోయేది. మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ. ఈల మోగగానే చొక్కా అంచు ఎత్తాలి, నడుం నుంచి పిస్టల్ తీయాలి, ఎదురుగా ఉన్న అట్టబొమ్మ గుండెలో రెండు గుండ్లు దించాలి. రెండు సెకన్లు దాటిందా, మళ్లీ మొదటికి.

కానిస్టేబుల్ మద్దిలేటికి ఆ రెండు సెకన్లలో సగం చాలు. అయినా మానడు. గదికి పోయాక కూడా ఫోన్‌లో ఈల మోగించుకుంటూ, చెక్క పిస్టల్‌తో గోడకెదురుగా నిలబడి అదే పని. తోటివాళ్లు నవ్వారు. మొండివాడు రాజు కంటే బలవంతుడు, వాళ్ల నవ్వు అతనికి ఒక లెక్కా? అతని బాధ అతనిది. మద్దిలేటి అన్న ఒక నాయకుడికి గన్‌మన్‌గా ఉండేవాడు. బస్టాండు ముందర వేటకొడవళ్లు మీదికొచ్చిన రోజు, పిస్టల్ సగం బయటికి తీసి అలాగే పడిపోయాడు. ఆ శవాన్ని మొదట చూసింది మద్దిలేటే. చూసినప్పటి నుంచి అతనికి ప్రాణభయం కన్నా ఆలస్యమంటేనే ఎక్కువ భయం.

గన్‌మన్ పరీక్ష రేపనగా సారును అడిగేశాడు. "ఇంకెంత తొందరగా తీస్తే చాలు సార్?"

సారు స్టాప్‌వాచీని సున్నాకు తిప్పాడు.

"నిదానమే ప్రధానమని మాత్రం చెప్పొద్దండి. మా అన్న నిదానంగానే పోయినాడు."

సారు ముఖం నల్లబడింది. ఆ అన్నకు నేర్పిందీ ఆయనే మరి. "బండెక్కు. తిరుపాలు ఇంట్లో అన్నం తిందాం పద," అన్నాడు.

తిరుపాలు కూడా ఆయన శిష్యుడే. పిస్టల్ తీయడంలో అంతటి వేగం ఆ రేంజి మళ్లీ చూడలేదని చెప్పుకుంటారు. ఇప్పుడు ఉద్యోగం లేదు, గడ్డం మాసిపోయింది, సారును చూసి లేచి నిలబడ్డాడు గాని నవ్వలేదు. వాళ్లు వెళ్లేసరికి అతని భార్య సుంకమ్మ గంజి వారుస్తోంది. అంత ఎండలో పొయ్యి ముందు ఆమె అవస్థ చూడలేక మద్దిలేటి అన్నాడు. "కుక్కర్ కొనుక్కోకపోయినావా అక్కా?"

"ఉండె తమ్ముడూ. మా చెల్లెలికి ఇచ్చేసినా. ఈలంటే ఈయప్పకు పడదు."

ఎందుకు పడదో తిరుపాలే చెప్పాడు, కంచంలోకి చూస్తూ, అన్నం కలుపుకుంటూ. "మీటింగులో జనాన్ని ఆపేదానికి ఎవురో ఈల ఊదిరి. అప్పుడే ఒక ముసలాయన మా నాయకునికి శాలువా కప్పల్లని ముందరికొచ్చె. శాలువా అని నేను చూసేసరికి ఆయన కింద పడిపోయినాడు. కోర్టు నన్ను వదిలేసింది లే."

సుంకమ్మ అందరికీ మళ్లీ పప్పు వడ్డించింది. నలుగురూ తలలు వంచుకుని తింటున్నారు. అంతలో పక్కింట్లో కుక్కర్ కూసింది.

తిరుపాలు చెయ్యి కంచంలోంచి లేచింది. చొక్కా అంచు ఎగిరింది. మరుక్షణం పప్పన్నం అంటిన చూపుడువేలు సూటిగా మద్దిలేటి గుండె మీదుంది. అది రెండుసార్లు ముడుచుకుంది కూడా. తిరుపాలు తల మాత్రం ఇంకా కంచం మీదే వంగి ఉంది. తల ఎత్తి ఎదుట ఉన్నది ఎవరో చూసింది ఆ తర్వాతే. చూశాక పాపం, చేతిని ఒళ్లోకి లాక్కుని, చిన్నపిల్లాడిలాగా ఏడ్చేశాడు.

మద్దిలేటి సారు వైపు తిరిగాడు. అయితే సారు తిరుపాలును చూడడం లేదు, తననే చూస్తున్నాడు. ఎందుకా అని కిందికి చూసుకున్నాడు. తన కుడిచెయ్యి తన చొక్కా కిందే ఉంది. నడుం దగ్గర బట్టంతా పప్పు. ఆ చెయ్యి అక్కడికి ఎప్పుడు పోయిందో అతనికి తెలియనే తెలియదు.

సుంకమ్మ లేచి, రెండు తడిగుడ్డలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. మద్దిలేటి చొక్కా ఎంత తుడిచినా మరక పోలేదు.

తిరుగుదారిలో మద్దిలేటి బండి వెనక కూర్చుని ఆ మరకను రుద్దుతూనే ఉన్నాడు. రేంజి గేటు కనబడ్డాక, ఉండబట్టలేక, సన్నగా అడిగాడు. "రేపు పరీక్షలో నేను పాసైతానా సార్?"

మస్తాన్‌వలీ సారు బండి ఆపాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నీ చెయ్యి ఎప్పుడో పాసైంది నాయనా. నిన్నే నేను ఇంకా చూడలేదు."