గొంతు దిగని పిలుపు

దియెప్‌కు అమ్మమ్మను పిలవడం రాదు. అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల, పాతికేళ్లు నిండిన మనిషి, ఆ ఒక్క మాట దగ్గరే బోర్లా పడుతుంది.

పుట్టిందీ పెరిగిందీ పారిస్‌లో. వియత్నాం భాషలో ‘బా’ అంటూ గొంతు కిందికి దించితే అమ్మమ్మ, దించకుండా తిన్నగా అంటే మూడు. దియెప్ గొంతు ఏనాడూ దిగలేదు. “మూడేమిటే?” అని ముసలావిడ నవ్వేది.

ఇప్పుడు ఆవిడ లేదు. ఆవిడ పుట్టిన హనోయిలో ఇవాళ మొదటి సంవత్సరీకం. పటం ముందు వరస పెట్టి పిలిచి, ఆ తర్వాత అన్నం పెట్టాలి. పిలవాల్సింది దియెప్ ఒక్కతే.

అమ్మమ్మతో కలిసి చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న ఖోవా గారి దగ్గర దియెప్ హనోయి వచ్చి నాలుగు నెలలుగా ఒంటితీగ వాద్యం నేర్చుకుంటోంది. పక్కనున్న పుల్లను అటు వంచితే తీగ బిగిసి స్వరం ఎక్కుతుంది, ఇటు వంచితే దిగుతుంది. ఎక్కించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. దించడమే కొరకరాని కొయ్య.

అమ్మమ్మ పటం పెట్టింది ఆయన ఇంట్లోనే. పొద్దున్నే వచ్చి, “గురువుగారూ, నా బదులు మీరే పిలవండి. నేను పిలిస్తే ఆవిడ రాదు,” అంది. ఏడుపు ఆపుకుంటోంది.

ఖోవా గారు ఆమె సంచిలోంచి ఈకలు గుచ్చిన బిళ్ళ తీశారు. కింద పడనీయకుండా కాలితో ఎగరేసే ఆ ఆట కూడా అమ్మమ్మ నేర్పిందే. దియెప్ అందులో పోటీలు గెలిచింది.

“ఆడమ్మా.”

తన్నిన ప్రతిసారీ బిళ్ళ చూరు దాటి లేచింది. మెచ్చుకుంటారేమోనని చూసింది.

“ఈసారి తన్నకు. అది దిగుతుంటే పాదాన్నీ దానితో పాటు దించు. పాదం మీదే ఆగాలి.”

మొదటిసారి తగిలి ఎగిరిపోయింది. పదోసారీ అంతే. ఎండ వాకిట్లోకి వచ్చింది. మోకాలు నొప్పెట్టింది, విసుగు పుట్టింది. ఎప్పటికో బిళ్ళా పాదమూ కలిసి దిగి, నేలకు జానెడెత్తున చప్పుడు లేకుండా ఆగాయి.

ఆయన ఆమెను పటం ముందు కూర్చోబెట్టి వాద్యాన్ని దగ్గరికి జరిపారు.

దియెప్ తీగ మీటింది. పుల్లను పట్టి లాగలేదు, చేతిని దాని వెంటే పోనిచ్చింది. స్వరం నెమ్మదిగా కిందికి వచ్చింది. అది ఆగకముందే దానితో పాటే పలికింది.

“బా.”

ఆ పిలుపు తన నోటి నుంచే వచ్చిందని తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని, మరోసారి పిలవబోయింది.

“మళ్ళీ ఎందుకమ్మా, వచ్చిందిగా,” అన్నారు ఖోవా గారు. “అన్నం వడ్డించు.”