బుడ్డోడి బొమ్మకు కళ్ళెవరు పెట్టారు

ఇటు జరగండి. ధాత్రీ, కాళ్ళు ముడుచుకోవే, గజ్జెలు గుచ్చుకుంటున్నాయి. శశాంకా, నువ్వు ఊ కొట్టాలి. నీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది, తర్వాత నన్ను సతాయించి లాభం లేదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు నేనే మర్చిపోయాను, ఒక రాజుగారుండేవాడు. మంచి రాజే. ఒక్కటే వింత. ఎక్కడికెళ్ళినా పావుకోళ్ళేసుకునే వెళ్ళేవాడు. పావుకోళ్ళంటే చెక్క చెప్పులర్రా. సభకెళ్తే టక్కుటక్కు, వంటింట్లోకెళ్తే టక్కుటక్కు, తివాచీ మీద కూడా టక్కుటక్కు. రాణిగారు మెత్తటి తోలు చెప్పులు కుట్టిస్తే పెట్టెలో పెట్టి దాచాడు గానీ కాలికి తొడగలేదు. ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఎందుకో మీరు ఆలోచిస్తూ ఉండండి, నేను చెప్పుకుపోతాను.

ఆ రాజుకో కుక్క. పేరు బుడ్డోడు. జాతికుక్కా పాడా, వీధిలో దొరికిన గోధుమరంగు కుక్క. ఎడమ చెవి సగం చిరిగిపోయింది. దానికి పదిహేనేళ్ళొచ్చేశాయి. ఇంకెన్నాళ్ళుంటుందోనని రాణికి బెంగ, అది పోతే రాజేమైపోతాడోనని ఇంకా బెంగ. అందుకని దీపావళికి రాజుకి ఏమిద్దామా అని ఆలోచించి ఆలోచించి, బుడ్డోడి బొమ్మ వేయించి ఇద్దామనుకుంది.

ఊళ్ళో బట్ట మీద బొమ్మలేసే ఇల్లు ఒక్కటే. ఇంటి పెద్ద కొండప్ప, ఆయన కోడలు నాంచారి. కొడుకు రంగులు నూరే రాళ్ళు తేవడానికి కొండల్లోకి పోయాడు, వాడితో మనకి పని లేదు. నాంచారితోనే పని. బొమ్మకి బట్ట కావాలి, బట్టకి గంజి కావాలి, గంజికి చింతగింజలు కావాలి, గింజలకి రోలు కావాలి, రోటికి రోకలి కావాలి, రోకలికి నాంచారి కావాలి. ఊ కొడుతున్నావా? ఆ. బొమ్మంతా ఆవిడే వేసినా కళ్ళు మాత్రం పెట్టకూడదు. కళ్ళు ఆఖర్న పెట్టాలి, అవి ఇంటి పెద్దే పెట్టాలి. ఆ ఇంటి ఆచారం అది.

కోట నుంచి దాసీ వచ్చి కుక్క రంగు చెప్పింది, చెవి చెప్పింది, తోక చెప్పింది. నాంచారి వేసింది. కొండప్ప కళ్ళు పెట్టాడు. నలభై ఏళ్ళుగా ఆయన పెట్టినవన్నీ దేవుళ్ళ కళ్ళే కదా, చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. ఇంతింత కళ్ళు, చెవుల దాకా కాటుక. కుక్కకి అమ్మవారి కళ్ళొచ్చాయర్రా. బొమ్మ కోటకెళ్తే దాసీ చెప్పులు విప్పి లెంపలేసుకుంది. వంటాయన పరిగెత్తుకెళ్ళి హారతి కర్పూరం తెచ్చాడు. రాణికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చి, బొమ్మ బాగుంది గానీ ఇది మా బుడ్డోడు కాదు, దీపావళికి నాలుగు రోజులే ఉంది, మీ వల్ల కాకపోతే పొరుగూరి వాళ్ళని పిలిపిస్తాను, ఇకమీదట కోట పనులన్నీ వాళ్ళవే అని కబురు పెట్టింది.

కొండప్ప ఇంటి బొమ్మ తిరిగి రావడం అదే మొదటిసారి. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నాంచారికి మింగుడుపడని సంగతి ఇంకోటుంది. మావగారికి చూపు తగ్గిపోయింది. ఎర్రరంగనుకుని నల్లరంగు చిప్పలో కుంచె ముంచడం ఆవిడ రెండుసార్లు చూసింది. చూసి, నోరెత్తకుండా, ఆ రోజు నుంచి రంగుల చిప్పలు ఎప్పుడూ ఒకే వరసలో పెడుతూ వచ్చింది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. మీకు కనపడటం లేదు మావయ్యా అని ఎలా అంటుంది? పెద్దాయన చేతిలో కుంచె లాక్కున్నట్టుండదూ?

మర్నాడు పొద్దున్నే కోటకెళ్ళింది. దేవుడైతే అందర్నీ చూస్తాడు, కుక్క ఎవరో ఒకర్నే చూస్తుంది, ఇది ఎవర్ని చూస్తుందో తెలిస్తే కళ్ళు కుదురుతాయని ఆవిడ ఆలోచన. వంటాయన్ని అడిగితే గిన్నెలకేసి చూస్తుందన్నాడు. కాపలావాణ్ణి అడిగితే గుమ్మంకేసి చూస్తుందన్నాడు. రాణినడిగితే రాజుకేసి చూస్తుందంది. వంటాయనకి గిన్నె, కాపలావాడికి గుమ్మం, రాణికి రాజు. ఇదేంటి చెప్మా అని నాంచారి వెళ్ళి కుక్క ముందే చతికిలబడింది. మొహం ముందు చెయ్యి ఆడించింది. అది రెప్ప వెయ్యలేదు. వంగి చూస్తే రెండు కళ్ళ మీదా తెల్లగా పాలమీగడలాంటి పొర.

ఏంట్రా శశాంకా? కుక్కలకీ శుక్లాలొస్తాయా అంటున్నావా? ఎందుకు రావూ, ముసలైతే అందరికీ వస్తాయి.

అలా చూస్తుండగా ఎక్కడో దూరంగా టక్కుటక్కు. చిరిగిన చెవి లేచి నిలబడింది. టక్కుటక్కు దగ్గరైంది. తోక నేలకేసి కొట్టడం మొదలైంది. రాజు మలుపు తిరిగి కనపడేసరికి బుడ్డోడు లేచి, తడబడకుండా నేరుగా ఆయన కాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. ఇప్పుడు తెలిసిందా పావుకోళ్ళు ఎందుకో? నాంచారికీ అప్పుడే తెలిసింది.

రాణిని బతిమాలి కుక్కని ఇంటికి తీసుకెళ్ళింది. మావగారి చెయ్యి పట్టుకుని దాని మొహం మీద పెట్టింది. ఆయన నుదురు తడిమాడు, చెవి తడిమాడు, కళ్ళ దగ్గర ఆగాడు.

"దీనికి కనపడదా, నాంచారీ?"

"కనపడదు మావయ్యా."

"మరి కోటంతా ఎలా తిరుగుతోంది?"

"రాజుగారు చప్పుడు చేస్తూ నడుస్తారు మావయ్యా. దాని కోసమే."

కొండప్ప కుక్క తల నిమిరాడు. కుక్క ఆయన చెయ్యి నాకుతోంది.

"నువ్వు చిప్పలు వరసగా పెట్టినట్టు," అన్నాడు.

చూశారా? ఆయనకి ముందే తెలుసు. నాంచారికి ఏడుపాగలేదు. ఆయన మాత్రం కుంచె తీసి ఆవిడ చేతికిచ్చి, చూసినదానివి నువ్వు, కళ్ళు నువ్వే పెట్టాలన్నాడు. ఆచారం తప్పుతుంది కదా అందావిడ. తప్పదులే అని తన చెయ్యి ఆవిడ చేతి మీద వేశాడు. నాంచారి కొత్త బట్ట మీద మళ్ళీ వేసిన బొమ్మకి ఇద్దరూ కలిసి చిన్నచిన్న కళ్ళు పెట్టారు. కాటుక లేదు, మెరుపు లేదు, పాలల్లో బూడిద కలిపిన రంగు. చెవి మాత్రం లేపి నిలబెట్టారు.

దీపావళి రోజు రాజు ఆ బొమ్మ విప్పాడు. చూశాడు, చూశాడు. ఎవరూ కర్పూరం తేలేదు. చివరికి, ఇందులో నా అడుగులు వినపడుతున్నాయే అన్నాడు. రాణికి అప్పుడర్థమై, ఆ తోలు చెప్పులు తీసుకెళ్ళి తోటమాలికి ఇచ్చేసింది. కోట పనులు ఆ ఇంటికే ఉండిపోయాయి. ఆ పండగ నుంచి మంత్రి తన ఆవుకి, సేనాపతి తన చిలక్కి, అందరికందరూ బొమ్మలు వేయించుకుని ఒకరికొకరు ఇచ్చుకోవడమే. నాంచారి ముందు ఆ జంతువు దగ్గర కూర్చుని చూసొచ్చేది, తర్వాత మావగారి చెయ్యి తన చేతి మీద వేయించుకుని కళ్ళు పెట్టేది. బుడ్డోడు ఇంకో రెండేళ్ళు హాయిగా నెయ్యన్నం తిన్నాడు.

అందుకే, ఎవరికైనా ఒకటి తగ్గిందని తెలిస్తే వాళ్ళ మొహం మీద అనెయ్యకూడదర్రా. మీరే కాస్త చప్పుడు చెయ్యాలి.

ధాత్రీ, మీ అమ్మ గజ్జెలు తీసేద్దామంటే సెలవులయ్యే దాకా ఉంచమని నేనెందుకు దెబ్బలాడానో తెలిసిందా? ఏడవకు, పిచ్చిదానా. వచ్చే నెల మీ మావయ్య నన్ను కళ్ళాసుపత్రికి తీసుకెళ్తాడు, శుక్లం తీసేస్తారు. అప్పటిదాకా నువ్వు ఘల్లుఘల్లుమంటూ తిరుగు, నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది. వీడి సంగతా? వీడు నడవడు, దూకుతాడు, వీధి చివర్నుంచే పోల్చుకుంటాను.

సరే, కథేమో కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి దూరదాం. శశాంకా, ఊ అనవేం? నిద్రపోయావా?